లైసెన్స్ కీ అడగలేదన్నావు చూడు, గుట్టంతా అక్కడే ఉంది

తమ్మీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివా. ఛత్తాబజార్‌లో పెళ్లికార్డుల డిజైన్ పని. ఆషాఢం అయిపోవస్తోంది, శ్రావణం ముహూర్తాల ఆర్డర్లు మీద పడ్డాయి. మొన్న రాత్రి వానకి కరెంటు పోయింది, యూపీఎస్ అర నిమిషం కూడా ఆగలేదు. తెల్లారి డిజైన్ యాప్ మీద డబుల్ క్లిక్ చేస్తే మౌస్ పక్కన సున్నా ఒక్క క్షణం తిరిగి మాయమైపోతోంది. ఎర్రర్ లేదు, ఏమీ లేదు. మూడుసార్లు తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశావు, మూడుసార్లూ అదే తంతు. ఇప్పుడు ఫార్మాట్ కొట్టించమంటావా అన్నా అని అడుగుతున్నావు.

కొట్టించకు. కొట్టిస్తే యాప్ తెరుచుకుంటుంది, అందులో అనుమానం లేదు. కానీ ప్రింటర్ డ్రైవర్లు, కలర్ ప్రొఫైళ్లు, ఏళ్ల తరబడి పోగేసుకున్న తెలుగు, ఉర్దూ ఫాంట్లు అన్నీ మళ్లీ ఎక్కించుకునేసరికి నాలుగు ముహూర్తాలు దాటిపోతాయి. నేను సీటీసీలో, అదే పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, పంతొమ్మిదేళ్లు కౌంటర్ వెనక కూర్చున్నా. ఒక్క యాప్ తెరుచుకోవట్లేదని తెచ్చిన సిస్టమ్‌కి ఫార్మాట్ కొట్టి పంపడం అక్కడా మామూలే. ఎందుకంటే అది బుర్ర పెట్టక్కర్లేని పని, పైగా బిల్లు కూడా ఎక్కువ వస్తుంది.

నీ ప్రశ్నలో ఒక మాట ఊరికే అనేసి వదిలేశావు. "మొదటిసారి వేసినప్పుడు లైసెన్స్ కీ అడిగింది, ఇప్పుడు అది కూడా అడగకుండా నేరుగా అయిపోయిందన్నా" అని. నాకు కావలసింది ఆ మాటే. నిజంగా యాప్ మొత్తం పోయి కొత్తగా వచ్చి ఉంటే నీ కీ దానికి ఎలా తెలుసు? పాతది ఎక్కడో మిగిలి ఉందన్నమాట. కీ మిగిలిందంటే దానితోపాటు ఇంకేమేం మిగిలాయో ఆలోచించు.

అద్దె ఇల్లు ఖాళీ చేసేవాడు మంచాలు, బీరువా, గ్యాస్ పొయ్యి తీసుకుపోతాడు. గోడకి కొట్టిన మేకులు పీక్కుని పోడు కదా. అన్‌ఇన్‌స్టాల్ కూడా అంతే. సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డర్‌లో ఉన్న అసలు యాప్‌ని తీసేస్తుంది. నీ సెట్టింగులు, టూల్‌బార్లు ఎక్కడ పెట్టుకున్నావు, చివర ఏ ఫైల్ తెరిచావు, ఇవన్నీ యూజర్స్ ఫోల్డర్‌లో నీ పేరు కింద యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్‌లో ఉంటాయి. కొన్ని సీ డ్రైవ్‌లోనే ప్రోగ్రామ్‌డేటా అనే ఇంకో దాచిన ఫోల్డర్‌లో, కొన్ని విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే రిజిస్ట్రీ అనే ఖాతాలో. చాలా యాప్‌లు వీటిని కావాలనే వదిలేస్తాయి, రేపు కొత్త వెర్షన్ వేసుకుంటే నీ సెట్టింగులు నీకే ఉండాలని. మంచి ఉద్దేశమే. కానీ చెడింది ఆ సెట్టింగే అయితే, నువ్వు మూడుసార్లు కాదు ముప్ఫైసార్లు ఇన్‌స్టాల్ చేసినా కొత్త యాప్ వచ్చి అదే చెడిన ఫైల్ చదువుతుంది, అక్కడే కూలిపోతుంది.

మరి ఆ ఫైల్ ఎందుకు చెడింది? కరెంటు. డిజైన్ యాప్‌లు పని జరుగుతుండగానే సెట్టింగుల ఫైల్‌ని మళ్లీ మళ్లీ రాస్తుంటాయి. రాసింది వెంటనే డిస్క్ మీదికి పోదు, కాసేపు మెమరీలో ఆగుతుంది. సరిగ్గా ఆ సందులో కరెంటు పోతే విండోస్ తన ఫోల్డర్ల పట్టికని కాపాడుకుంటుంది గానీ ఫైల్ లోపలి సరుకుకి హామీ ఇవ్వదు. తెల్లారి చూస్తే ఫైల్ పేరు ఉంటుంది, సైజు కూడా ఉంటుంది, లోపల మాత్రం ఒక్క అక్షరం ఉండదు, అన్నీ సున్నాలు. లేదంటే సైజే 0 కేబీ. అలాంటి ఫైల్ ఎదురైతే మంచి యాప్ "సెట్టింగులు పాడయ్యాయి, కొత్తవి పెట్టుకుంటున్నా" అని సర్దుకుంటుంది. అంత ఓపికగా రాయని యాప్ నోరు తెరవకుండా చచ్చిపోతుంది. నీది రెండో రకం అని నా అనుమానం.

అనుమానం అన్నా గానీ రూఢి చేసుకోకుండా చెయ్యి పెట్టొద్దు. ముందు సిస్టమ్‌ని రీస్టార్ట్ చెయ్యి. షట్‌డౌన్ చేసి ఆన్ చేశా కదా అంటావు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది, షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా ఆరిపోదు, సగం నిద్రపోతుంది. రీస్టార్ట్ అయితేనే పూర్తిగా కొత్తగా లేస్తుంది. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు, టాస్క్ మేనేజర్ వస్తుంది. యాప్ మీద డబుల్ క్లిక్ చేసి అందులో చూడు. పేరు కనపడి రెండు క్షణాల్లో మాయమైతే అది కూలిపోతోంది. పేరు వచ్చి అక్కడే కూర్చుంటే కథ వేరు: బహుశా యాప్ తెరుచుకుంది, నీకే కనపడట్లేదు. షాపులో ఇదివరకు రెండో మానిటర్ ఉండి ఇప్పుడు తీసేస్తే ఇలా అవుతుంది, కిటికీ పోయి లేని మానిటర్ మీద తెరుచుకుంటుంది. అప్పుడు టాస్క్‌బార్‌లో దాని గుర్తు మీద ఒకసారి నొక్కి, విండోస్ కీ పట్టుకుని ఎడమ బాణమో కుడి బాణమో నొక్కు, ఇటు వచ్చేస్తుంది.

కూలిపోతున్నది అయితే ఇప్పుడు అసలు పని. ఎర్రర్ రావట్లేదు అన్నావు కదా, వస్తోంది, తెర మీద కాకుండా వేరే చోట రాస్తోంది. స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరువు. ఎడమ పక్క విండోస్ లాగ్స్, దాని కింద అప్లికేషన్. మధ్యలో పొడుగాటి జాబితా వస్తుంది. చూసి జడుసుకోకు, ఆరోగ్యంగా ఉన్న సిస్టమ్‌లో కూడా అక్కడ ఎర్ర గుర్తులు డజన్ల కొద్దీ ఉంటాయి. ఫోన్‌లో "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది" అని చెప్పే దొంగలు జనానికి చూపించి భయపెట్టేది ఈ పేజీనే. నువ్వు యాప్ మీద క్లిక్ చేసిన నిమిషానికి సరిపోయే ఎర్ర గుర్తు ఒక్కటి పట్టుకో. ఈవెంట్ ఐడీ 1000 అయితే యాప్ కూలిపోయింది, 1002 అయితే బిగుసుకుపోయింది, 1026 అయితే డాట్ నెట్ అనే మైక్రోసాఫ్ట్ వేదిక మీద నడిచే యాప్ లోపల తప్పు జరిగింది.

దాని మీద నొక్కితే కింద కొన్ని లైన్లు వస్తాయి. ఐడీ 1000 అయితే అందులో ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్ అన్న లైన్ ఒక్కటే నీకు ముఖ్యం. యాప్ కూలిన క్షణంలో ఎవరి చేతిలో ఉందో ఆ లైన్ చెబుతుంది. అక్కడ యాప్ పేరే ఉంటే, లేదా ఎన్‌టీడీఎల్ఎల్, కెర్నెల్‌బేస్ లాంటి విండోస్ సొంత ఫైళ్ల పేర్లుంటే, పెద్దగా ఏమీ తేలదు, సెట్టింగుల మీద నా అనుమానం అలాగే నిలబడుతుంది. పేరు ఎన్‌వీ అని మొదలై ఓజీఎల్ అని కూడా ఉంటే ఎన్‌విడియా గ్రాఫిక్స్ డ్రైవర్. అప్పుడు యాప్‌ని వదిలేసి డ్రైవర్ సంగతి చూడాలి. వీసీరన్‌టైమ్, ఎంఎస్‌వీసీపీ అని మొదలయ్యేవి చాలా యాప్‌లు ఆనుకుని నడిచే మైక్రోసాఫ్ట్ వాళ్ల విజువల్ సీ ప్లస్ ప్లస్ ఫైళ్లు, వాటి సంగతి కింద చెప్తా. ఈ జాబితా అంతా గజిబిజిగా అనిపిస్తే స్టార్ట్‌లో రిలయబిలిటీ హిస్టరీ అని వెతుకు. అదే సంగతిని క్యాలెండర్ లాగా, రోజుకో గడి చొప్పున చూపిస్తుంది. కరెంటు పోయిన రోజు గడి కింద ఎర్ర గుర్తుంటే, అక్కడినుంచి రోజూ మీ యాప్ పేరే ఉంటే, ఇంక వేరే రుజువు అక్కర్లేదు.

ఇప్పుడు ఫోల్డర్. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో శాతం గుర్తు, యాప్‌డేటా అన్న మాట, మళ్లీ శాతం గుర్తు, మధ్యలో ఖాళీ లేకుండా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కు. రోమింగ్ అనే ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో యాప్ తయారుచేసిన కంపెనీ పేరుతోనో, యాప్ పేరుతోనో ఒక ఫోల్డర్ ఉంటుంది. ఒక మెట్టు వెనక్కి వస్తే లోకల్ అని ఇంకోటి ఉంటుంది, అందులోనూ అదే పేరుతో ఇంకో ఫోల్డర్ ఉండొచ్చు. టాస్క్ మేనేజర్‌లో యాప్ నడవట్లేదని చూసుకుని ఆ రెంటి పేరూ మార్చు. చివర పాత అని తగిలించు, చాలు. యాప్‌కి తన ఫోల్డర్ కనపడదు, కొత్తది తయారుచేసుకుంటుంది.

తీసేయకు. పేరే మార్చు. ఈ ఒక్క మాట దగ్గర గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నా చేత్తో నేనే ఒకాయన్ని ముంచా. కౌంటర్‌లో కూర్చున్న కొత్తలో ఒక ఫోటో స్టూడియో ఆయన ఇదే బాధతో సీపీయూ మోసుకొచ్చాడు. నాకు కిటుకు తెలుసు కదా అన్న ధీమాతో ఆ ఫోల్డర్‌ని షిఫ్ట్ డిలీట్ కొట్టా. యాప్ టక్కున తెరుచుకుంది. ఆయన మొహం వెలిగిపోయింది. తర్వాత టెంప్లేట్లు అన్న మెనూ తెరిచాడు. ఖాళీ. రెండేళ్లుగా ఆల్బమ్ పేజీలకి ఆయన కూర్చి పెట్టుకున్న డిజైన్లన్నీ యాప్ ఆ ఫోల్డర్‌లోనే దాచేదట. నేను తెలుసుకోలేదు, ఆయనకీ తెలియదు. మెనూ మూసి తెరుస్తూ, మూసి తెరుస్తూ ఆయన అలా నాలుగైదుసార్లు చూడటం ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు డబ్బులు తీసుకోలేదు. తీసుకోకపోతే మాత్రం ఆయన డిజైన్లు వస్తాయా?

అందుకని యాప్ తెరుచుకోగానే పని మొదలుపెట్టేయకు. పాత అని పేరు పెట్టిన ఫోల్డర్ లోపలికి పోయి చూడు. టెంప్లేట్లు, స్వాచ్‌లు, బ్రష్‌లు, నువ్వు చేసుకున్న బోర్డర్లు ఉన్న ఫోల్డర్లని ఒక్కొక్కటిగా కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేసుకో. ఒక్కోటి పెట్టినాక యాప్‌ని ఒకసారి మూసి తెరువు. ప్రిఫరెన్సెస్, వర్క్‌స్పేస్, క్యాష్ అని పేరున్నవాటి జోలికి పోకు, దొంగ అందులోనే ఉంటాడు. ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌ని మాత్రం లైసెన్స్ కీ చేతిలో ఉంటే తప్ప ముట్టుకోకు. నీ కీ బహుశా అందులోనే ఉంది. కీ రాసిన మెయిల్ వెతికి పెట్టుకున్నాకే అటు చూడు.

కొన్ని యాప్‌లకి ఈ ఫోల్డర్ల వేట అక్కర్లేదు, దగ్గరి దారి ఉంటుంది. కోరల్‌డ్రా తెరుస్తూ ఎఫ్ 8 పట్టుకుంటే వర్క్‌స్పేస్‌ని మొదటికి తెస్తుంది. ఫోటోషాప్ తెరవగానే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ పట్టుకుంటే సెట్టింగులు తీసేయమంటావా అని అదే అడుగుతుంది. మీ యాప్‌కి అలాంటిది ఉందేమో దాని సహాయం పేజీలో చూసుకో. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోంచి దింపినవి అయితే ఇంకా తేలిక: సెట్టింగ్స్‌లో యాప్స్, ఆ యాప్ పక్కన మూడు చుక్కలు, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. అక్కడ రిపేర్, రీసెట్ అని రెండు బటన్లుంటాయి. ముందు రిపేర్ నొక్కు, డేటా పోదు. రీసెట్‌లో పోతుంది.

పేరు మార్చినా తెరుచుకోలేదనుకో. అప్పుడు పది నిమిషాలు పట్టే ఒక పరీక్ష ఉంది, సగం చిక్కుముడి దాంతోనే విడిపోతుంది. కొత్త యూజర్ అకౌంట్ ఒకటి చెయ్యి. సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్‌లో యాడ్ అకౌంట్ నొక్కు. ఈమెయిల్ అడుగుతుంది. ఈ మనిషి వివరాలు నా దగ్గర లేవు అన్న అర్థం వచ్చే లింక్ కింద ఉంటుంది, దాని మీద నొక్కి, తర్వాతి పేజీలో మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా అన్నది ఎంచుకో. ఆ అకౌంట్‌లోకి పోయి యాప్ తెరువు. తెరుచుకుంటే యాప్, విండోస్ రెండూ బాగున్నట్టే, తప్పు నీ అకౌంట్ లోపల ఉంది. అక్కడా తెరుచుకోకపోతే తప్పు మొత్తం సిస్టమ్‌కి సంబంధించింది.

ఆ కొత్త అకౌంట్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టు. భాష మీద ప్రేమ లేక కాదు. లోకల్ అకౌంట్‌కి తెలుగులో పేరు పెడితే యూజర్స్‌లో దాని ఫోల్డర్ కూడా తెలుగు పేరుతోనే పుడుతుంది. అన్ని భాషల అక్షరాలకీ పనికొచ్చే యూనికోడ్ పద్ధతి రాని పాతకాలం యాప్‌లు అక్షరాలని కోడ్ పేజీ అనే పట్టిక ద్వారా చదువుతాయి. ఆ పాత యాప్‌లు వాడుకునే రకం పట్టిక విండోస్‌లో తెలుగుకి లేదు. దాంతో నీ పేరు ఆ యాప్‌కి వరసగా ప్రశ్నార్థకాలై కనిపిస్తుంది. ఫైల్ పేరులో ప్రశ్నార్థకం విండోస్ ఒప్పుకోదు. ఇంకేముంది, తన ఫోల్డర్‌కి తనే దారి తప్పుతుంది యాప్. నీ బాధ ఇది కాదు, మొన్నటిదాకా నడిచింది కాబట్టి. కానీ కొత్త సిస్టమ్ కొని, ముచ్చటపడి తెలుగులో పేరు పెట్టుకుని, పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవట్లేదని వచ్చినవాళ్లని చూశా. తర్వాత సెట్టింగ్స్‌లో పేరు మార్చినా ఫోల్డర్ పేరు మారదు. కొత్త అకౌంట్ చేసుకుని సామాను అటు మార్చుకోవడమే దారి.

కొత్త అకౌంట్‌లో తెరుచుకుంది, నీ అకౌంట్‌లో ఫోల్డర్ల పేర్లు మార్చినా తెరుచుకోలేదు. అప్పుడు నేను చూసేది ఫాంట్లు. మీలాంటి షాపులకి ఇది ప్రత్యేకమైన రోగం. డిజైన్ యాప్‌లు తెరుచుకునేటప్పుడే సిస్టమ్‌లో ఉన్న ఫాంట్లన్నీ వరసగా చదువుతాయి, వాటిలో ఒక్కటి చెడినా కొన్ని యాప్‌లు అక్కడే పడిపోతాయి. ఫాంట్ మీద కుడి క్లిక్ చేసి ఇన్‌స్టాల్ అంటే ఇప్పటి విండోస్ దాన్ని నీ ఒక్కడికే వేస్తుంది. అది యాప్‌డేటాలో లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్ అన్న దారిలో కూర్చుంటుంది. అందుకే కొత్త అకౌంట్‌కి ఆ ఫాంట్ కనపడదు, అక్కడ యాప్ హాయిగా తెరుచుకుంటుంది.

చిక్కడపల్లిలో ఒక డీటీపీ షాపుకి ఇలాగే పోయా. మూడువేల పైచిలుకు ఫాంట్లు. ఏది చెడిందో ఎలా తెలుసు? సగం బయటికి తీసి యాప్ తెరిచి చూడటం, తెరుచుకుంటే దొంగ తీసిన సగంలో ఉన్నట్టు, లేకపోతే మిగిలిన సగంలో. మళ్లీ అందులో సగం. మూడువేలున్నా ఇలా పన్నెండు సార్లకి ఒక్కటి మిగులుతుంది. సాయంత్రం మొదలుపెడితే తొమ్మిదిన్నర అయింది, షాపాయన రెండుసార్లు టీ, ఒకసారి మిర్చి బజ్జీ తెప్పించాడు. చివరికి దొరికింది ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ఒక శుభలేఖల ఫాంట్. సైజు చూస్తే 0 కేబీ. ఫోల్డర్‌ని సైజు ప్రకారం పేర్చి ఉంటే మొదటి నిమిషంలోనే పైన కనపడేది. ఆ బుద్ధి నాకు ఇంటికి పోతూ బండి మీద వచ్చింది. నువ్వు ముందు ఆ పని చెయ్యి. విండోస్ తనతో తెచ్చుకున్న ఫాంట్లని, నిర్మలా, గౌతమి, సెగో లాంటివాటిని, కదపకు.

రెండు అకౌంట్లలోనూ తెరుచుకోకపోతే ఇంకో మూడు చూడు. ఒకటి ప్రింటర్. మనం ప్రింట్ కొట్టకపోయినా డిజైన్ యాప్‌లు కాగితం కొలత కోసం డిఫాల్ట్ ప్రింటర్‌ని ముందే పలకరిస్తాయి. కరెంటు దెబ్బకి నెట్‌వర్క్ ప్రింటర్ జవాబివ్వకపోతే యాప్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. డిఫాల్ట్‌ని మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్‌కి మార్చి చూడు. రెండోది విజువల్ సీ ప్లస్ ప్లస్ ప్యాకేజీలు. ఇన్‌స్టాల్ అయిన యాప్‌ల జాబితాలో ఒకే పేరుతో, పక్కన ఏడాదులతో వరసగా కనపడతాయి, చెత్త అనుకుని తీసేసేవాళ్లు చాలామంది. 2015 నుంచి ఇటువైపువి ఒకే ప్యాకేజీలో వస్తాయి. 2013, 2012, 2010, 2008 దేనికదే విడిగా కావాలి. నీ విండోస్ 64 బిట్ అయినా యాప్ 32 బిట్‌ది అయితే దానికి 32 బిట్ ప్యాకేజీయే కావాలి, కాబట్టి రెండూ వేసుకో. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే దింపు. ఈ ప్యాకేజీల్లో ఉండే డీఎల్ఎల్ అనే ఫైళ్లలో ఒక్కదాన్ని విడిగా ఊరికే ఇస్తామనే సైట్ల గడప తొక్కకు.

మూడోది యాంటీవైరస్. విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ తెరిచి, నువ్వు ఇన్‌స్టాల్ చేసిన టైముకి ఏదన్నా ఫైల్‌ని పట్టి లోపల వేసిందేమో చూడు. కొన్న యాప్‌ది అయితే వదిలిపెట్టమని చెప్పు. క్రాక్ చేసిన యాప్‌ది అయితే, నువ్వలా అనలేదు, చదివే మిగతావాళ్లకి చెప్తున్నా, యాంటీవైరస్ ఆపేసి నడిపించుకునే సలహా నా దగ్గర దొరకదు. ఎవరి పెళ్లికార్డు కోసమో నీ బ్యాంకు పాస్‌వర్డు పోగొట్టుకుంటావు.

అన్నీ అయ్యాక మిగిలేది విండోస్ సొంత ఫైళ్లు చెడటం. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నడిపించే రెండు కమాండ్లున్నాయి, ముందు డిస్మ్, తర్వాత ఎస్ఎఫ్‌సీ. అక్కడిదాకా వస్తే అక్షరం పొల్లుపోకుండా రాసిస్తా. నీకు అంతదూరం రాదని నా నమ్మకం.

యూపీఎస్ బ్యాటరీ మాత్రం ఇవాళే మార్పించు. అర నిమిషం కూడా ఆగట్లేదంటే అది చచ్చిపోయి చాలా రోజులైంది, నీకే తెలియలేదు. మార్చకుండా యాప్ బాగుచేసుకుంటే వచ్చే వానకి మళ్లీ ఇదే కథ.

ఫోల్డర్ పేరు మార్చి ఏమైందో రాయి. తెరుచుకోకపోతే ఈవెంట్ వ్యూయర్‌లో ఆ ఎర్ర గుర్తు ఫోటో పెట్టు. ఫోన్‌తో తీసినా పర్లేదు, కానీ ఫాల్టింగ్ మాడ్యూల్ లైన్ చదవగలిగేట్టు ఉండాలి. రాత్రి పది దాటాక చూస్తా.